జిప్సీ గేర్‌బాక్స్ దించేముందు

పెరంబూరు, చెన్నై

చిన్నతల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బెంగళూరులో పాత జిప్సీ కొన్నావట, గేర్లు కిర్రుమంటున్నాయట, మూడో గేర్ జారి బయటికి వచ్చేస్తోందట. వచ్చే ఆదివారం స్నేహితులతో కలిసి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నువ్వే గేర్‌బాక్స్ దించుతానంటున్నావట. "మీరైనా చెప్పండి బావగారూ" అని ఆవిడ బాధ. మన ఇంటి ఆడపిల్ల పానా పట్టుకుంటానందని వినగానే నా ఛాతీ ఉప్పొంగింది. సెల్లార్ అన్న మాట గుర్తొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. దీన్ని బండి దగ్గర పెట్టుకో.

ముందు నా భయం సంగతి. మామూలు కారుని ఫస్ట్ గేర్‌లో వేసి ఆపితే ఇంజిన్ చక్రాలని పట్టుకుంటుంది. జిప్సీలో గేర్‌బాక్స్ వేరు, దాని వెనక ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ వేరు. రెండింటినీ ఒక పొట్టి షాఫ్ట్ కలుపుతుంది. ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లో ఉంటే పెద్ద లివర్ ఏ గేర్‌లో ఉన్నా చక్రాలకి ఏ సంబంధమూ ఉండదు. పొట్టి షాఫ్ట్ విప్పినా అంతే, లోపల ఏదైనా విరిగి ఉన్నా అంతే. గేర్ చెడిన బండిని గేర్ ఆపుతుందని నమ్మి కిందికి దూరకూడదమ్మా. హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, అయినా దాన్నీ నమ్మకు. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా చెక్క దిమ్మెలు గట్టిగా తోసిపెట్టు. సెల్లార్‌లో నీళ్లు పోవడానికి నేలకి వాలు ఉంటుంది, కంటికి తెలియదు. గోళీ వేసి చూడు, ఎటు దొర్లుతుందో బండీ అటే దొర్లుతుంది. జాకీ బండిని లేపడానికే. లేపాక ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, బండిని భుజంతో గట్టిగా ఊపి చూసి, అప్పుడే లోపలికి వెళ్లు. ఇటుకలు, హాలో బ్లాకులు వద్దే వద్దు. అవి ముందుగా చీలిక చూపించకుండా ఒక్కసారిగా పగులుతాయి.

ఇంకొకటి. శబ్దం వినాలని సెల్లార్‌లో ఇంజిన్ నడుపుతూ కూర్చోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల తిరిగేసరికే ఆలస్యమైపోతుంది. వినే పనంతా బయట, చదునైన చోట పెట్టుకో.

ఇక రోగం. పానా తియ్యకముందే తెలుసుకోగలిగింది చాలా ఉంది.

ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి, ఐదు గేర్లూ రివర్సూ వేసి చూడు. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా అదే చెయ్యి. ఆపినప్పుడు వెన్నలా పడి, నడుస్తున్నప్పుడు ఫస్టూ రివర్సూ కిర్రుమంటే అనుమానం గేర్‌బాక్స్ మీద కాదు, క్లచ్ మీద. గేర్ పడేముందు రెండింటి వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగు రివర్స్‌కి ఉండదు కాబట్టి అదే మంచి సాక్షి. క్లచ్ పూర్తిగా తొక్కి ఐదారు అంకెలు లెక్కపెట్టి రివర్స్ వెయ్యి. అప్పటికీ పళ్లు రాసుకుంటున్నాయంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది. అలా కాక, నిలబడి ఉన్నప్పుడు అన్నీ బాగా పడి, పరుగులో సెకండ్ ఒక్కటే గొణిగితే అప్పుడు సెకండ్ సింక్రో రింగుని అనుమానించు.

జిప్సీ క్లచ్‌కి కేబుల్. దాని తొడుగు ఎక్కడైనా వంగిందా, తీగ పోగులు తెగాయా, కింద కేబుల్ లాగే రిలీజ్ ఆర్మ్ దగ్గర వదులు ఎంత ఉంది చూడు. ఆర్మ్‌ని వేలితో ఊపితే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఎక్కువైతే క్లచ్ విడవదు. అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టక ప్లేట్ కాలుతుంది.

ప్లేట్ జారుతోందో లేదో తెలియాలంటే హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్ వేసి, కొద్దిగా రేస్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదులు. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా అరుస్తుంటే ప్లేట్ అయిపోయింది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేట్ కూడా పోతుంది.

తర్వాత చెవి పని. ఈ బండి ఇచ్చే గొప్ప సౌకర్యం ఏమిటంటే, ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో పెడితే బండి కదలకుండానే గేర్‌బాక్స్‌ని అన్ని గేర్లలో తిప్పి వినొచ్చు. ఆ సమయంలో బండి కింద ఎవరూ ఉండకూడదు, పొట్టి షాఫ్ట్ తిరుగుతూ ఉంటుంది. న్యూట్రల్‌లో గరగర ఉండి క్లచ్ తొక్కగానే పోతే ఇంజిన్ తిప్పుని లోపలికి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగో, దాని పక్కన గేర్లతో తిరిగే కౌంటర్ షాఫ్ట్ బేరింగో. క్లచ్ మీద కాలు ఆనించగానే శబ్దం మొదలైతే క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్. గేర్ వేసి క్లచ్ నేలకి తొక్కిపెట్టినప్పుడు మాత్రమే సన్నగా కీచుమంటే పైలట్ బేరింగ్. దాని సంగతి కింద రాస్తాను. నాలుగో గేర్ ఒకటికి ఒకటి, శక్తి నేరుగా పోతుంది, కౌంటర్ షాఫ్ట్ మీద బరువు పడదు. అందుకే రోడ్డు మీద మిగతా గేర్లన్నిటిలో మూలుగు ఉండి నాలుగులో తగ్గితే కౌంటర్ షాఫ్టూ దాని బేరింగులూ చూడాలి.

నీ మూడో గేర్ జారడానికి లోపలి కారణాలు చాలానే ఉన్నాయి. గేర్ పక్కనుండే చిన్న పళ్ల మూలలు గుండ్రంగా అరగడం, గేర్‌ని జరిపే ఫోర్క్ అరగడం, దాన్ని చోటు కదలకుండా పట్టే లాక్ గోళీ వెనక స్ప్రింగ్ బలహీనపడడం. కానీ ముందు బయటివి చూడు. లివర్ అడుగున బుష్ అరిగితే లివర్ గరిటెలా ఊగుతుంది, గేర్ సగమే పడుతుంది. గేర్‌బాక్స్ రబ్బరు మౌంటింగ్ కుంగితే లివర్ వెళ్లి నేలమీది రంధ్రం అంచుకి తగులుతుంది, బండి ఎగిరినప్పుడల్లా ఆ అంచే గేర్‌ని వెనక్కి తోసేస్తుంది. రెండు మౌంటింగులూ ఒక బుష్షూ మార్చితే పోయే రోగానికి కడుపు కోయడం ఎందుకు?

ఇప్పుడు ఆయిల్. బండిని పది కిలోమీటర్లు తిప్పి వచ్చాక తియ్యి. డ్రెయిన్ బోల్టు ముట్టుకునే ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు వదులవుతుందో లేదో చూసుకో. కిందిది విప్పి ఆయిలంతా పోయాక పైది తుప్పు పట్టి రాలేదంటే బండి అక్కడే కూర్చుంటుంది. గేర్‌బాక్స్‌కి 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కి 0.8 లీటరు. ఫిల్లర్ రంధ్రం అంచుదాకా ఉంటే సరిపోయినట్టు. వచ్చిన ఆయిల్‌ని పాత తెల్ల పంచె గుడ్డలోంచి వడకట్టి ఎండలో చూడు. వేళ్ల మధ్య మెత్తగా రాసుకునే బూడిదరంగు ముద్ద మామూలే. బంగారు రంగు రేకులు తళుక్కుమంటే సింక్రో రింగులు అరుగుతున్నాయి. గోటికి తగిలే ఉక్కు పెచ్చులు, సూది ముక్కలు ఉంటే ఇక బండి నడపొద్దు. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వేడెక్కిన గేర్‌బాక్స్ వాగులో దిగితే లోపలి గాలి చప్పున కుంచించుకుని, ఎక్కడ సందు దొరికితే అక్కడ నీళ్లు పీలుస్తుంది. గాలి ఆడడానికుండే బ్రీదర్ గొట్టం మట్టితో పూడుకుపోతే ఆ పీల్పు సీళ్ల మీద పడుతుంది. సీల్ కారుతోందని సీల్ మార్చేవాళ్లలో చాలామంది బ్రీదర్ ముట్టుకోరు, నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది.

కొత్త ఆయిల్ విషయంలో షాపువాడి మాట కాదు, బండి మాన్యువల్ మాట విను. గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్-5 ఎక్కువ అంకె కాబట్టి మంచిదని అంటగడతారు. అందులోని గంధకపు మందు డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పళ్లకి మేలు చేస్తుంది కానీ, ఇత్తడి రింగులకి పడకపోవచ్చు. జీఎల్-4 సరిపోయే చోట అదే పొయ్యి.

ఇప్పుడు ఒక తప్పు గురించి తీరిగ్గా రాస్తాను, ఎందుకంటే నువ్వు ఆదివారం చేయబోయేది సరిగ్గా అదే. నా చేతుల మీదుగా జరిగింది. ఇలాంటి బండే. ఫస్టూ రివర్సూ కిర్రుమంటున్నాయి. ఇంజిన్ ఆపి వేసి చూడాలన్న ఆలోచనే లేకుండా, గేర్ అరుస్తోంది కాబట్టి గేర్‌బాక్సే అని దించేశాం. రింగులన్నీ కొత్తవి వేసి, బేరింగులు మార్చి, ఎక్కించి, తాళం తిప్పితే మళ్లీ అదే కిర్రు. రెండోసారి దించాక ఇంజిన్ వెనకనుండే ఫ్లైవీల్ చక్రం మధ్యలోకి వేలు పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొసని మోసే చిన్న పైలట్ బేరింగ్ అక్కడ ఉంటుంది, అరచేతిలో దాక్కునేంత. నీళ్లు తగిలి గ్రీజు ఎండిపోయి ఎర్రగా తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మనం క్లచ్ తొక్కితే ప్లేట్ విడుస్తోంది, కానీ బిగిసిన ఆ బేరింగ్ ఇంజిన్‌తో పాటు షాఫ్ట్‌నీ తిప్పుతూనే ఉంది. తిరిగే షాఫ్ట్ మీద నిలబడిన గేర్ వేస్తే అరవక ఏం చేస్తుంది?

అక్కడితో అయిపోలేదు. బేరింగ్ మార్చి ఎక్కించేటప్పుడు, ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేట్ లోపలికి సగం దూరింది. చేతులు నొప్పిపుట్టి ఒక్క నిమిషం వదిలేశాం. గేర్‌బాక్స్ బరువంతా ప్లేట్ మధ్యనున్న పళ్ల మీద వేలాడింది. ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో ప్లేట్ వంగింది. వంగిన ప్లేట్ క్లచ్ ఎంత తొక్కినా ఒక పక్క రాసుకుంటూనే ఉంటుంది. మూడోసారి దించాల్సి వచ్చింది. పోయింది డబ్బు మాత్రమే కాదు, బండి ఇచ్చిన మనిషి మా ముందు నోరెత్తకుండా నిలబడ్డ తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అందుకని, దించక తప్పలేదంటే ఇలా చెయ్యి. బ్యాటరీ వైరు, లివర్, కేబుల్, స్టార్టర్, పొట్టి షాఫ్ట్ తీసెయ్. షాఫ్ట్ ఫ్లాంజ్ రెండు ముక్కల మీదా పెయింటుతో గీత గీసుకుని అదే వరసలో బిగించు, లేకపోతే వణుకు వస్తుంది. హౌసింగ్ బోల్టుల సైజులో రెండు పొడుగు బోల్టులు తీసుకుని, తలలు కోయించి, కొసలు నున్నగా రాయించు. కింది రెండు బోల్టులు విప్పిన చోట వాటిని ఇంజిన్‌కి బిగిస్తే పట్టాల మీద జరిగినట్టు గేర్‌బాక్స్ తిన్నగా వెనక్కి వస్తుంది, తిన్నగా లోపలికి వెళ్తుంది. ప్లేట్ మీద వేలాడదు. కింద గేర్‌బాక్స్ జాకీ ఉండాల్సిందే, పొట్టమీద మోసే పని కాదది. క్లచ్ ప్లేట్‌ని మధ్యకి తేవడానికి పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్క దొరికితే అంతకన్నా మంచి పనిముట్టు లేదు. ఎలాగూ దించావు కాబట్టి పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్, ఇన్‌పుట్ సీల్ మూడూ మార్చెయ్. ప్లేట్ తడిగా ఉంటే వాసన చూడు. కుళ్లిన గుడ్డు వాసనైతే గేర్ ఆయిల్, సీల్ గేర్‌బాక్స్‌ది. ఆ వాసన లేకపోతే ఇంజిన్ వెనక సీల్.

సింక్రో రింగు అరిగిందా లేదా అన్నది కంటితో తేలదు. రింగుని గేర్ కోన్ మీద నొక్కిపెట్టి రెండింటి మధ్య సందులో, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్ పెట్టు. సందు అర మిల్లీమీటరుకి దిగితే మార్చాల్సిందే.

సామాన్లకి జేసీ రోడ్‌కి వెళ్లు. బేరింగ్ అంచు మీద చెక్కిన నంబరు చదివి చెప్పు, పాతది చేతిలో పెట్టుకుని వెళ్లు. మొదటి జిప్సీలకి 970 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు. 1996 నుంచి వచ్చిన 1.3 లీటరు బండికి ఐదు గేర్లు. ఏది కావాలో గట్టిగా చెప్పకపోతే దానివి దీనికి అంటగడతారు.

దారిలో బండి కదలకపోతే ఏం చెయ్యాలో కూడా తెలుసుకో. స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్‌కి ఉంటుంది. గేర్ వేసి క్లచ్ వదిలితే బండి కదలదు, ముల్లు మాత్రం లేస్తుంది అంటే క్లచ్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ మూడూ పనిచేస్తున్నట్టే. విరిగింది వాటి వెనక, షాఫ్టో యాక్సిలో. ముందు చక్రాల మధ్యనుండే హబ్‌లు లాక్ చేసి ఫోర్ వీల్‌లో వేస్తే ముందు చక్రాలు లాక్కొస్తాయి, మెల్లగా ఊరు చేరొచ్చు. ముల్లు లేవకపోతే ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్‌లోకి జారిందేమో ముందు చూడు. తక్కువ వేగపు 'ఫోర్ లో' (4L) గేర్ జారుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌ని పట్టుకునే రబ్బర్లు చీలాయేమో చూడు. ఎండు తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకు. ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఈ బండికి లేదు, షాఫ్టులు మెలిపడి లివర్ బిగుసుకుంటుంది. బిగుసుకుంటే కొట్టొద్దు, కొంచెం వెనక్కి నడిపితే వదులుతుంది.

ఆ తలలు కోసిన బోల్టులు నా దగ్గరున్నాయి. శనివారం పొద్దున బృందావన్ ఎక్స్‌ప్రెస్‌కి బయలుదేరుతున్నాను, వాటితో పాటు రెండు స్టాండ్లూ తెస్తాను. ఈ లోపల నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి రివర్స్ వేసి, రెండింటికీ తేడా ఏమిటో నాకు ఫోన్ చేసి చెప్పు. నేను వచ్చేదాకా బండి కిందికి మాత్రం వెళ్లకు తల్లీ.

మీ పెదనాన్న