కావలిలో రొయ్యల సాగు మీద ఆన్‌లైన్ కోర్సు పెడుతున్నాను. చూపు లేనివాళ్లు కూడా చదివేలా పేజీలు ఎలా తయారుచేయాలి?

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఒకచోట: డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన పాఠాన్ని అలాగే పీడీఎఫ్ చేసి పెట్టేస్తారు. అది యూనికోడ్ (ఏ ఫోన్ అయినా, కంప్యూటర్ అయినా ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. టాక్‌బ్యాక్, ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు (తెర మీది రాతని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు) దాన్ని చదివితే అర్థంలేని మోతే. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుని, పేజీలోనే టెక్స్ట్‌గా పెట్టండి.

శీర్షికలకి ఎడిటర్‌లో హెడింగ్ స్టైలే వాడండి. ఊరికే బోల్డ్ చేస్తే కంటికి శీర్షికే గానీ, స్క్రీన్ రీడర్‌కి మామూలు వాక్యం. ఒక శీర్షిక నుంచి ఇంకోదానికి గెంతడం కుదరదు.

బొమ్మలకి వివరణ రాయండి. "గ్రాఫ్ 3" అంటే ఏం తెలుస్తుంది? "గుంట నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోయి, ఎండెక్కాక పెరుగుతోంది" అనండి.

ఎర్ర గీత ప్రమాదం, పచ్చ గీత క్షేమం అని రంగుతోనే సరిపెట్టొద్దు. ఆ రెండూ ఒకేలా కనిపించేవాళ్లు ఉంటారు, పక్కన మాట కూడా ఉండాలి. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండడానికి రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఏఏ స్థాయి నియమం. లేత బూడిద అక్షరాలు అందమే, మిట్టమధ్యాహ్నం గుంట గట్టున ఫోన్‌లో చదవమనండి చూద్దాం!

వినపడనివాళ్లూ ఉంటారు కాబట్టి, వీడియోలకి తెలుగు సబ్‌టైటిల్స్ మరవద్దు.