నడిరాత్రి గుండెదడ

ప్రశ్న: రోజూ రాత్రి 2, 3 గంటలకు గుండె దడదడలాడుతూ మెలకువ వస్తోంది. ఇక అప్పులు, పిల్లాడి చదువు గురించే ఆలోచనలు. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ లేదన్నారు. గట్టిగా ఊపిరి పీలిస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక సోదరి, నిజామాబాద్

జవాబు: ముందే పరీక్షలు చేయించుకుని మంచి పని చేశారు. కళ్లు తిరగడానికి కారణం ఆ గట్టి ఊపిరే కావచ్చు. గాలి అతిగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. ముక్కుతో మెల్లగా, మామూలు ఊపిరే 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. 5 నిమిషాలు చాలు. పగలు రెండుసార్లు సాధన చేస్తేనే రాత్రి అక్కరకొస్తుంది. దడ వచ్చినప్పుడే మొదలుపెట్టి, పనిచేయలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ.

సాయంత్రం 15 నిమిషాలు కేటాయించి ఎవరికెంత బాకీ, గడువెప్పుడు, రేపు చేయగలిగే ఒక్క పనేమిటి అన్నది కాగితం మీద పెట్టండి. పడక మీద మాత్రం రాయకండి. నిద్ర పట్టకపోతే గడియారం చూడకుండా లేచి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వస్తున్నప్పుడే మళ్లీ పడుకోండి. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు.

రెండు వారాలైనా తగ్గకపోతే మానసిక వైద్యులను కలవండి. చచ్చిపోవాలనిపిస్తే అంతదాకా ఆగకండి తల్లీ, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.