అరచేతుల చెమట సరే, రాత్రి తడిసే బనియన్ సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 34, ఉండేది గాజువాకలో. స్కూల్ రోజుల నుంచీ అరచేతులు, పాదాలకు చెమట ఎక్కువ. నెలన్నరగా ఒళ్లంతా పడుతోంది, నిద్రలో బనియన్ తడిసిపోతోంది. నాలుగు కిలోలు తగ్గాను. గుండెదడగా ఉంటే స్నేహితుడి మాట మీద మెడికల్ షాపులో ప్రొప్రనలాల్ కొని వాడుతున్నాను, దడ తగ్గింది. చెమట పోవాలంటే బొటాక్స్ ఇంజెక్షన్లు మంచివా, ఆపరేషనా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దు. మీరు ఒకటే సమస్య అనుకుంటున్నారు గానీ, రాసింది చూస్తే రెండులా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఉన్న అరచేతుల చెమట ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. అది సాధారణంగా నిద్రలో ఆగిపోతుంది. కొత్తగా మొదలై, నిద్రలోనూ ఒళ్లంతా తడిపే చెమట వేరు. దానికి తోడు బరువు తగ్గడం, దడ. విశాఖ ఉక్కపోతలో అందరికీ చెమట పడుతుంది, నిజమే. కానీ ఉక్కపోతకు నాలుగు కిలోలు తగ్గరు కదా!

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందేమో ముందు చూడాలి. టీబీ, షుగర్, అరుదుగా లింఫ్ గ్రంథుల జబ్బులు కూడా ఆలోచించాల్సినవే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్త పరీక్ష), షుగర్, మామూలు రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రేతో మొదలుపెడతారు. దగ్గు ఉంటే కఫం పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మిమ్మల్ని చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను.

ఇక ఆ మాత్ర. దడ తగ్గిందని రాశారు. తగ్గింది దడే, దాని కారణం కాదు. థైరాయిడ్ ఎక్కువైతే కనిపించే వేగమైన నాడిని, చేతుల వణుకును ఈ మందు అణిచేస్తుంది. చూసే డాక్టర్‌కు మొదటి ఆనవాలే దొరకదు. ఆస్తమా ఉన్నవాళ్లకైతే ఊపిరాడని పరిస్థితి రావచ్చు. మీకుందో లేదో మెడికల్ షాపులో ఎవరైనా అడిగారా? వారానికి ఒక్కరైనా ఇలా వస్తారు నా దగ్గరకు, షాపులో కొన్న మందు వాడటం అయిపోయాక. అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, దడ తిరగబెట్టవచ్చు. రెండు మూడు రోజుల్లో ఫిజీషియన్‌కు చూపించండి. ఛాతీలో నొప్పి, ఆయాసంతో చల్లటి చెమట పడితే మాత్రం ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అరచేతుల సంగతి తర్వాత చూద్దాం. అల్యూమినియం క్లోరైడ్ లోషన్, నీళ్లలో చేతులుంచి ఇచ్చే స్వల్ప కరెంటు చికిత్స ఉన్నాయి. బొటాక్స్ ప్రభావం కొన్ని నెలలే. ఆపరేషన్ చివరి మార్గం. చేతుల్లో ఆగిన చెమట చాలామందికి వీపు, పొట్ట మీద మొదలవుతుంది.

వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లండి. ‘చిన్న మాత్ర సార్’ అంటే మాకు ఏం తెలుస్తుంది?