కణ విభజనలో మోటార్ ప్రోటీన్లను నడిపేది, ఆపేది ఎవరు?

విజయనగరం నుంచి బీఎస్సీ విద్యార్థి అడిగినవి రెండు. సూక్ష్మనాళికలనే సన్నని గొట్టాల మీద నడిచే కైనెసిన్ల వంటి మోటార్ ప్రోటీన్లు కణంలో ఉన్నా, విభజన వేళకే పనిలోకి ఎలా దిగుతాయి? ఉల్లి వేరు కొనకు, కణ విభజనను ఆపే కాల్చిసిన్ పెడితే ఆగేది ఆ మోటార్లేనా?

ముందు రెండోది. కాదు. కాల్చిసిన్ పట్టుకునేది, సూక్ష్మనాళికలకు ఇటుకల్లాంటి ప్రోటీన్ అయిన ట్యూబులిన్‌ని. సూక్ష్మనాళికలే కట్టుకోకపోతే మోటారు నడవడానికి దారి ఉండదు, అంతే. రికార్డులో 'మోటార్ నిరోధకం' అని రాయకండి. మొక్కల ట్యూబులిన్‌కి అది గట్టిగా అంటుకోదు కాబట్టి 0.05 శాతం ద్రావణంలో 3-4 గంటలు ఉంచాలి. జంతు కణాలకైతే అందులో కొన్ని వందల రెట్లు తక్కువ చాలు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, అది విషం. ఇంకో మాట: పూల మొక్కల్లో సూక్ష్మనాళికల మైనస్ కొస (నెమ్మదిగా పెరిగే కొస) వైపు నడిచే సైటోప్లాస్మిక్ డైనీన్ అనే మోటారు లేదు. ఉల్లి కణం బొమ్మ గీసి అందులో డైనీన్ రాసేవాళ్లను ప్రాక్టికల్స్‌లో ఎక్కువగా చూస్తుంటాను. అక్కడ మైనస్ కొస వైపు నడిచేది కైనెసిన్-14 కుటుంబం.

ఇక మొదటిది. ఇంజిన్ పట్టాల మీద ఉన్నంత మాత్రాన బండి కదలదు, సిగ్నల్ పడాలి. ఇక్కడ ముఖ్యమైన సిగ్నల్ సీడీకే1 అనే ఎంజైము, దాన్ని పనిచేయించే సైక్లిన్ బి ప్రోటీన్ జంట. మనిషి కణాల్లో ఈజీ5 అనే కైనెసిన్-5కి రెండు కొసలా తలలుంటాయి; ఎదురెదురు సూక్ష్మనాళికలను పట్టి ఇరువైపులకూ నెట్టి, రెండు ధ్రువాలనూ విడదీస్తుంది. సీడీకే1 దాని తోకలోని ఒక థ్రియోనిన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తేనే అది కండె (క్రోమోజోములను పంచే సూక్ష్మనాళికల అమరిక) మీద కుదురుకుంటుంది.

చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. ఫాస్ఫేట్ పడితే మోటారు ఆన్ అయిందని బట్టీ పట్టకండి. అదే సీడీకే1 ఫాస్ఫేట్, ఎమ్‌కేఎల్‌పీ1 అనే కైనెసిన్‌ని సూక్ష్మనాళికలకు అంటుకోనివ్వదు. సూక్ష్మనాళికలను కట్టగట్టే పీఆర్‌సీ1 ప్రోటీన్, కిఫ్4ఏ అనే కైనెసిన్‌తో జతకట్టకుండా చూస్తుంది. క్రోమోజోములు విడిపోయే చలన దశ మొదలయ్యేటప్పుడు ఏపీసీ అనే ఎంజైము సముదాయం సైక్లిన్ బిని విచ్ఛిన్నానికి పంపుతుంది, ఫాస్ఫటేజ్‌లు ఆ గుర్తులను తుడిచేస్తాయి, అప్పుడు ఇవి కండె నడుమకు చేరి కణం రెండుగా చీలడానికి ఏర్పాటు చేస్తాయి. ఒకే ఎంజైము కొన్నిటిని ముందుకు పంపి, కొన్నిటిని సమయం వచ్చేదాకా నిలబెడుతోందన్నమాట. ఈ అమరిక నాకు ఎంతో ఇష్టం.

ఫాస్ఫేట్ ఒక్కటే కాదు. హెచ్‌సెట్ అనే కైనెసిన్-14ని ఇంపోర్టిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది, క్రోమోజోముల దగ్గర రాన్-జీటీపీ (జీటీపీ పట్టిన రాన్ ప్రోటీన్) విడిపిస్తుంది. సెంప్-ఈ అనే మరో కైనెసిన్ విభజన వేళకు పోగై, ఆ తర్వాత నాశనమవుతుంది.

కళ్లారా చూడాలంటే ఉల్లి చాలదు, కణవర్ధన సౌకర్యమున్న ల్యాబ్ కావాలి. 1999లో వెలుగులోకొచ్చిన మొనాస్ట్రాల్ అనే మందు ఈజీ5ని ఆపుతుంది, ట్యూబులిన్‌ని ముట్టుకోదు. ల్యాబుల్లో పెంచే మనిషి కణాలైన హీలా కణాలకు 100 మైక్రోమోలార్, 4 గంటలు. డీఎంఎస్ఓ అనే ద్రావణిలో 100 మిల్లీమోలార్ స్టాక్ చేసుకుని వెయ్యి రెట్లు పలుచన చేస్తే సరి, పోలికకు 0.1 శాతం డీఎంఎస్ఓ మాత్రమే పోసిన కణాలు ఉంచండి. మైక్రోస్కోపులో ఒకే ధ్రువం, దాని చుట్టూ ఉంగరంలా క్రోమోజోములు కనబడతాయి. కడిగేస్తే రెండు ధ్రువాలూ తిరిగి ఏర్పడతాయి.

చెడేది రెండు చోట్ల. విభజనలోని కణాలు గుండ్రంగా మారి పట్టు వదులుతాయి, కడిగేటప్పుడు కొట్టుకుపోతాయి. పాలీలైసిన్ పూసిన కవర్‌స్లిప్ వాడి, ద్రవాన్ని అంచు నుంచి మెల్లగా పోయండి. రెండోది చల్లని బఫర్: సూక్ష్మనాళికలు విడిపోయి, మందు పనేనేమో అనిపిస్తుంది. 37 డిగ్రీల బఫరే వాడండి. కడిగిన కణాలు లెక్కించేలోపే విభజన ముగించేస్తుంటే, కడిగాక పోసే మీడియంలో, ప్రోటీన్ల విచ్ఛిన్నాన్ని ఆపే ఎమ్‌జీ132 కలపండి. సైక్లిన్ బి నాశనం కాక మధ్యస్థ దశలోనే ఆగుతాయి.