పండ్లొక్కటే తింటున్న నీకు

అమ్మలూ,

ఇరవై రోజులుగా అన్నం ముట్టకుండా పండ్లే తింటున్నావని మీ అమ్మ చెప్పింది. నిన్న ఫోన్లో నీ నీరసపు గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

నేనూ ఆ పని చేశాను తల్లీ. నలభై ఏళ్లప్పుడు ఒక ప్రకృతి వైద్య శిబిరానికి వెళ్లొచ్చి, మూడు నెలలు పండ్లు, కొబ్బరి నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. మొదటి పదిహేను రోజులు ఒళ్లు దూదిపింజలా ఉంది. బరువు తగ్గానని అందరూ మెచ్చుకున్నారు. ఆ తేలికే మనల్ని నమ్మిస్తుంది. తర్వాత తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. చన్నీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. మేడ మీద బట్టలారేయడానికి వెళ్తూ సగం మెట్ల దగ్గరే గోడ పట్టుకుని నిలబడిపోయేదాన్ని. పోయింది కొవ్వొక్కటే కాదు, కండ కూడా అని అప్పుడు తెలిసింది.

లెక్క వేసి చూడు. మన దేశపు పోషకాహార నిపుణులు పెట్టిన కొలత ప్రకారం ఒంటి బరువులో కిలోకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నీ 50 కిలోలకు 41 గ్రాముల పైమాటే. అరటిపండులో ఉండేది గ్రాము పైచిలుకు. ముప్పై పండ్లు తిన్నా చాలదు. నరాలకు కావాల్సిన విటమిన్ బి12 అయితే ఏ పండులోనూ లేదు. లివర్‌లో ఉన్న నిల్వ కొంతకాలం నెట్టుకొస్తుంది కాబట్టి వెంటనే బయటపడదు, అరికాళ్లు తిమ్మిర్లెక్కేదాకా పట్టించుకోం. మనది మాంసం ముట్టని ఇల్లు, నీ నిల్వ ముందే తక్కువేమోనని నా భయం. ఐరన్, కాల్షియం కూడా పండ్లతో సరిపోవు.

యాపిల్ కంపెనీ పెట్టిన స్టీవ్ జాబ్స్ ఇలాగే తినేవాడు కదా అన్నావట. సినిమాలో ఆయన పాత్ర వేయడానికి ఆష్టన్ కుచర్ అనే నటుడు అదే తిండికి మారి, షూటింగ్ మొదలవకముందే ఆస్పత్రి పాలయ్యాడు. 2013లో ఆ సంగతి కుచరే చెప్పుకున్నాడు.

పండ్లు మానేయమనడం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీల పళ్లెంలో 100 గ్రాముల పండ్లు పెట్టింది, కూరగాయలు 400. మిగతా చోటు ఎక్కువగా ధాన్యాలు, పప్పులు, పాలది. నువ్వు వంద గ్రాములుండాల్సిన ఆ పండ్లతోనే పళ్లెమంతా నింపుతున్నావు. ఇంకోమాట, నిన్ను చూసి మీ నాన్న మొదలెట్టకుండా చూడు. ఆయనకు షుగర్ ఉంది. కిడ్నీ జబ్బున్న మీ తాతయ్యకైతే అరటిపండ్లు, కొబ్బరి నీళ్లలోని పొటాషియం ఒంట్లోనే నిలిచిపోయి గుండె మీదికే వస్తుంది.

ఈ రాత్రికి కాస్త మెత్తటి అన్నంలో పెసరకట్టు, చారెడు పెరుగు చాలు. ఒక్కసారిగా కడుపు నింపకు. రెండు మూడు రోజుల్లో పప్పు, ఆకుకూర పెంచు. పుల్లటి పండు తినగానే బ్రష్ చేయకు, నీళ్లు పుక్కిలించి అరగంట ఆగు. హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు ఈ వారంలోనే చేయించుకుని రిపోర్టు డాక్టరుకి చూపించు, ఆ ఫొటో నాకూ పంపు. ఆదివారం వస్తున్నాను, గోంగూర పప్పు నేనే వండి పెడతాను.

మీ పెద్దమ్మ