ఎం13 ఫొటోలో మధ్యభాగం తెల్లటి ముద్దలా వస్తోంది, ఎలా తీయాలి?

హెర్క్యులిస్ రాశిలోని ఎం13 అనే నక్షత్ర గుచ్ఛాన్ని (క్లస్టర్) రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లతో తీస్తే అంచుల్లో నక్షత్రాలు విడివిడిగా వస్తున్నాయి, నడిమధ్య మాత్రం తెల్లగా అలికేసినట్టు ఉంటోందని అడిగారు. ముందు ఒక రా ఫ్రేమ్ (కెమెరా ఇచ్చిన అసలు ఫైలు) తెరిచి, ఏమీ మార్చకుండా మధ్యలో పిక్సెల్ విలువలు చూడండి. అవి సెన్సర్ గరిష్ఠాన్ని తాకేసి ఉంటే ఆ వివరం పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. తాకకపోతే డేటా నిక్షేపంగా ఉంది, స్ట్రెచ్ చేసేటప్పుడే, అంటే మసక వెలుగు కనిపించేలా సాఫ్ట్‌వేర్‌లో వెలుగు పెంచేటప్పుడే పాడవుతోంది. నేను చూసినంతలో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.

నెబ్యులాకు (వాయుధూళి మేఘానికి) పనికొచ్చే పొడవాటి ఎక్స్‌పోజర్లు దీనికి అక్కర్లేదు. ఎం13లో ఉన్నవి లక్షల నక్షత్రాలు, పొగలాంటి మసక వెలుగు కాదు. నేను 20, 30 సెకన్ల ఫ్రేములే గంటసేపు తీసి స్టాక్ చేస్తాను, అంటే అన్నింటినీ కలిపి ఒకే ఫొటోగా మారుస్తాను. ఇందులో ఇంకో లాభం ఉంది: గాలి నిలకడగా లేనప్పుడు నక్షత్రాలు ఉబ్బిన ఫ్రేములను ఏరి పారేయొచ్చు, పోయేది అర నిమిషమే. క్లస్టర్ ఆకాశంలో బాగా పైకొచ్చాకే మొదలుపెట్టండి.

ఫోకస్ దగ్గర మాత్రం అస్సలు రాజీపడొద్దు. బాటినోవ్ మాస్క్ (టెలిస్కోప్ ముందు పెట్టే చీలికల మూత, నక్షత్రం చుట్టూ మూడు గీతలు చూపిస్తుంది) పెట్టి, మధ్య గీత మిగతా రెండింటి కూడలి మీదుగా సరిగ్గా పోయేదాకా ఫోకస్ నాబ్ తిప్పండి, రాత్రి చల్లబడేకొద్దీ మళ్లీ సరిచూడండి, ఎందుకంటే ఇంత కిక్కిరిసిన చోట నక్షత్రం చుక్క కాస్త లావైనా పక్కదానిలో కలిసిపోతుంది.

స్ట్రెచ్‌కి ఆర్క్‌సైన్‌హెచ్ (arcsinh, రంగు చెడకుండా వెలుగు పెంచే గణిత సూత్రం) పద్ధతి వాడి చూడండి, కొంచెం కొంచెంగా. నారింజ రంగు జెయింట్లు (ఉబ్బిన పెద్ద నక్షత్రాలు), వాటి మధ్య నీలి నక్షత్రాలు రంగు పోకుండా నిలుస్తాయి. ఎక్కడ ఆపాలో నాకు గురుతు ‘ప్రొపెల్లర్’: కేంద్రానికి ఆగ్నేయంగా మూడు నల్లటి చారలు వై ఆకారంలో కలుస్తాయి. 19వ శతాబ్దంలో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల టెలిస్కోప్‌తో చూసినవాళ్లు గమనించినవే ఇవి. మీ ఫొటోలో అవి కనిపిస్తున్నంతవరకు వెలుగు పెంచండి, మాయమవడం మొదలవగానే ఆపేయండి.

క్రాప్ చేసేటప్పుడు తొందరపడకండి, పక్కనే అర డిగ్రీ దూరంలో ఎన్‌జీసీ 6207 అనే చిన్న గెలాక్సీ ఉంటుంది. ఎం13 మనకు సుమారు 25 వేల కాంతి సంవత్సరాల దూరమైతే, అది కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది. నాకైతే ఆ రెండూ ఒకే ఫ్రేములో ఉన్న ఫొటోలే ఇష్టం.