ఫోనులో కౌన్సెలింగ్ తీసుకుంటే ఇంటి గొడవ తీరుతుందా?

మిర్యాలగూడలో మీరు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మీ ఆయన. వారానికోసారి కలిసినా మాటామాటా పెరుగుతోంది, వీడియో కౌన్సెలింగ్ పనికొస్తుందా అని అడిగారు. మీలాంటివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. చెరో ఊరి నుంచి ఒకే కాల్‌లో కూర్చోవచ్చు. కౌన్సెలర్ తీర్పు చెప్పరు. పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ తేడా అదే. "డబ్బు ఎందుకు పంపలేదు" అన్న మాట వెనుక "నన్ను లెక్కచేయడం లేదు" అన్న బాధ ఉంటే, దాన్ని ఇద్దరికీ వినిపించేలా చేస్తారు. ఒక్క కాల్‌తో తేలదు, కొన్ని వారాలు పడుతుంది.

అసలు చిక్కు చోటుతోనే. పక్క గదిలో అత్తగారు సీరియల్ చూస్తుంటే మనసు విప్పి ఎవరు మాట్లాడగలరు? ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా మన గొంతు బయటికి వినిపిస్తుందని చాలామంది మరిచిపోతారు. మా బంధువు ఒకావిడ డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని మాట్లాడేవారు. సిగ్నల్ కూడా అక్కడే బాగుండేదట.

డబ్బు కట్టే ముందు చదువు, అనుభవం అడగండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే భారత పునరావాస మండలి నమోదు సంఖ్య చూపించమనండి. ఖర్చు వద్దనుకుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆయన చేయి చేసుకుంటుంటే మాత్రం జంటగా కౌన్సెలింగ్ వద్దు. ఆయన వింటుండగా మీరు నిజం చెప్పలేరు. చెబితే, ఇంటికి వచ్చాక దాని ఫలితం మీరే పడాలి. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి గానీ చెప్పండి.